డెక్క ఎటు చూస్తోంది?

మా ఇంట్లో ఈ రెండు నెలలూ ఎవరూ ఎవర్నీ "రాత్రి నిద్ర పట్టిందా" అని అడగరు. అడిగితే పొద్దున్నే పోట్లాట. పదింటికి అన్నయ్య, ఒంటిగంటకి నేను, నాలుగింటికి నాన్న టార్చి పట్టుకుని ఆవుల మధ్య ఒక చుట్టు తిరిగి రావాలి. మంచు కరగడం మొదలైన దగ్గర్నుంచి చివరి ఆవు ఈనేదాకా ఇదే వరస. వసంతం అనగానే స్నేహితులందరికీ పచ్చిక, గంతులేసే గుర్రప్పిల్లలు గుర్తొస్తాయి, ఫొటోలు పెట్టమని ఒకటే గొడవ. నాకు ముందు గుర్తొచ్చేది బురద. బూటు అందులో ఇరుక్కుపోయి కాలు మాత్రం బయటికొచ్చేస్తే, చీకట్లో ఒంటికాలి మీద కొంగలా నిలబడి ఆ బూటు కోసం తడుముకోవడం. ఏటా ఒకసారైనా జరుగుతుంది, ఈసారి ఇప్పటికే రెండయ్యాయి.

మొన్న రాత్రి నా వంతులో చూస్తే 41 మందలో లేదు.

మాకు నూటపాతిక దాకా ఆవులు, తొమ్మిది గుర్రాలు. గుర్రాలకి పేర్లున్నాయి, ఆవులకి చెవి ట్యాగు మీద నంబర్లే, కానీ కొన్ని నంబర్లు పలికీ పలికీ పేర్లయిపోయాయి. 41 అలాంటిది. ఇది దానికి తొలిచూలు. వెతికితే కంచె మూలన ఒక్కతే ఉంది. తోక కాస్త పక్కకి ఎత్తిపెట్టి, పడుకుంటోంది, లేస్తోంది, తల తిప్పి తన పక్కలు తనే చూసుకుంటోంది. ఆవు మందని వదిలి పక్కకెళ్లిందంటే నొప్పులు మొదలైనట్టే. టార్చి ఆర్పేసి, కాస్త దూరంలో గడ్డి బేలు మీద కూర్చుని టైం చూసుకున్నాను. 1.20.

నిజానికి దాన్ని పగలే ఈనాల్సిందిగా మేం ఏర్పాటు చేశాం. కెనడాలో గస్ కోనెఫాల్ అనే రైతు 1970ల్లో ఒకటి కనిపెట్టాడు, ఆవులకి పొద్దున కాకుండా సాయంత్రం పొద్దుపోయాక మేత వేస్తే ఎక్కువ ఆవులు పగటిపూటే ఈనుతాయని. మేమూ కొన్నేళ్లుగా అలాగే వేస్తున్నాం, చాలావరకు పనిచేస్తోంది కూడా. 41 మాత్రం ఆ సంగతి వినలేదు.

టైం చూసుకోవడం అన్నాను కదా, ఈ సీజన్లో అసలు పని అదే. ఉమ్మనీటి సంచి కనబడ్డాక ఇంతకుముందు ఈనిన ఆవైతే గంటలోపు అయిపోవాలి, తొలిచూలైతే ఇంకాస్త పట్టినా ఫరవాలేదు, అయితే ఎంతోకొంత కదలిక కనబడుతూ ఉండాలి. కదలిక ఆగిపోతే మనం చెయ్యి పెట్టాలి. తొందరపడి పెడితే దారి పూర్తిగా వదులు కాకముందే లాగినట్టవుతుంది, తల్లికి లోపల చీరుకుపోతుంది. ఆలస్యం చేస్తే దూడ పోతుంది. ఈ రెంటి మధ్యా ఎంతసేపు చేతులు కట్టుకుని కూర్చోవాలో ఎవరూ నేర్పలేరు. నాన్న నేర్పింది ఒకటే: "ముందు డెక్క ఎటు చూస్తోందో చూడమ్మా. టైం తర్వాత చూద్దువుగాని."

ఆ మాట నా బుర్రకి ఎక్కింది రెండేళ్ల కిందట.

17 అప్పటికి మూడు ఈతలు ఈనిన ఆవు, ఏ ఈతలోనూ మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. పట్టపగలు, ఎండ కాస్తోంది, నేను ఒక్కదాన్నే ఉన్నాను. పొరలోంచి రెండు డెక్కలు కనబడ్డాయి. సరే, అంతా సవ్యంగానే ఉంది, ఇది చూసుకుంటుందిలే అనుకుని పక్క కంచెలో తీగ బిగించడానికి వెళ్లిపోయాను. దూడ సరిగ్గా వస్తుంటే చెరువులోకి దూకే పిల్లాడిలా వస్తుంది, చాచిన ముందుకాళ్లు, వాటిమీద ఆనించిన మూతి. అప్పుడు డెక్కల అడుగుభాగం నేలవైపు ఉంటుంది. అవి పైకి, ఆకాశంవైపు చూస్తున్నాయంటే చాలాసార్లు వస్తున్నవి వెనకకాళ్లు. 17 దూడ డెక్కలు పైకే చూస్తున్నాయి. నేను డెక్కలు చూశాను, అవి ఎటు చూస్తున్నాయో చూడలేదు.

అలా వెనక్కి వచ్చే దూడకి టైం ఉండదు. నడుము బయటికొచ్చేసరికి బొడ్డుతాడు తల్లి ఎముకకీ దూడ కడుపుకీ మధ్య నలిగిపోతుంది, తల ఇంకా లోపలే ఉంటుంది, ఊపిరి తీసుకోవడానికి గాలి లేదు. నలభై నిమిషాల తర్వాత నేను తిరిగొచ్చేసరికి దూడ నడుము దాకా వచ్చి ఆగిపోయి ఉంది. పరిగెత్తి గొలుసులు తెచ్చి, కాళ్లకి వేసి, ఒక్కదాన్నే లాగాను, వచ్చేసింది, కానీ నాలుక నీలంగా ఉంది. ముక్కులో గడ్డిపరక పెట్టి గుచ్చాను, ఒళ్లంతా ఎండుగడ్డితో రుద్దాను, పక్కటెముకల మీద చెయ్యి ఆనించి చూశాను. ఏం లేదు. నాన్న వచ్చి చూసి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

17 మాత్రం దాన్ని నాకుతూనే ఉంది. కొత్తగా ఈనిన ఆవు దూడని పిలిచే పిలుపొకటి ఉంటుంది, అరుపు కాదు అది, నోరు తెరవకుండా కడుపులోంచి తీసే సన్నటి మూలుగు. మామూలప్పుడు ఆవు నోట వినబడదు. గంటసేపు అలా పిలుస్తూనే ఉంది.

ఆ ఉదయమే ఇంకో ఆవు కవలల్ని ఈనింది. ఒకదాన్ని నాకి, పాలిచ్చి, దాన్ని తీసుకుని నడిచి వెళ్లిపోయింది. రెండోది కనబడ్డ ఆవు దగ్గరికల్లా వెళ్లి పొదుగు వెతుక్కుంటూ తన్నులు తింటోంది. అన్నయ్య ముందు చేసిన పని రెండూ పెయ్యలా కాదా అని చూడటం, ఎందుకంటే కవలల్లో ఒకటి కోడె అయితే దానితో పుట్టిన పెయ్య పదింట తొమ్మిదిసార్లకి పైగా గొడ్డుమోతుదే అవుతుంది. రెండూ పెయ్యలే. నాన్న కత్తి తెచ్చుకున్నాడు.

చచ్చిపోయిన దూడ చర్మం ఒలిచాడు. వీపూ పక్కలూ వచ్చేలా, తోక మాత్రం ఊడకుండా జాగ్రత్తగా, ఎందుకంటే పాలు తాగే దూడని ఆవు వాసన చూసేది తోక దగ్గరే. కాళ్లు దూర్చడానికి నాలుగు చోట్ల చీల్చి, గొంతు కిందా పొట్ట కిందా పురికొసతో కట్టి, ఆ తోలుని రెండో దూడకి చొక్కాలా తొడిగాడు. దానికి అప్పటికే 17 ముర్రుపాలే పిండి సీసాతో కొంచెం పట్టించాం. మొదటి రెండు గంటల్లోనే ముర్రుపాలు పడాలి, ఒకరోజు గడిస్తే దూడ పేగు ఆ పాలల్లోని రక్షణని ఒంటికి పట్టించుకోవడం మానేస్తుంది, తర్వాత ఎన్ని పాలు తాగినా అది రాదు. కానీ కడుపు నిండా పట్టలేదు. ఆకలి ఉండాలి, లేకపోతే వెళ్లి పొదుగు పట్టుకోదు.

కొట్టంలో ఆ రెంటినీ వదిలి తలుపు సందులోంచి చూస్తున్నాం. 17 ముందు దూడ మొహం వాసన చూసి బుస్సుమని వెనక్కి తగ్గింది. తల దించింది, పొడవడానికే అనుకున్నాను. దూడకి ఇవేం పట్టలేదు, తూలుకుంటూ పొదుగు కిందికి దూరింది. అప్పుడు 17 మెడ వెనక్కి తిప్పి ఆ తోలు మీద ముక్కు ఆనించింది. వీపు, తొడ, తోక. తోక దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ఆ మూలుగు మొదలైంది, దానితో పాటు నాకడం. నా తప్పు వల్ల పోయిన దూడ తోలు, ఇంకో దూడ ఒంటిమీద, తడి ఆరకుండా నాకుతోంది. అన్నయ్య "పట్టింది పట్టింది" అని నా భుజం తట్టాడు. నేను అక్కడ నిలబడలేక కంచె దగ్గరికి వెళ్లి వదిలేసిన తీగ పని పూర్తి చేశాను.

మూడోరోజుకి తోలు కంపు మొదలైంది, తీసేశాం. అప్పటికి ఆ దూడ కడుపులోంచి వచ్చేదంతా 17 పాల వాసనే, ఇక మారువేషం అక్కర్లేదు. ఆ దూడే 41.

ఆవు సంగతి ఇలా ఉంటే గుర్రం సంగతి వేరు. ఆవు మనకి గంట టైమన్నా ఇస్తుంది, గుర్రం పావుగంట నుంచి అరగంటలో తేల్చేస్తుంది. పైగా ఎప్పుడో చెప్పదు. ఆవు చూలు సుమారు 283 రోజులు, వారం పది రోజులు అటూ ఇటూ. గుర్రానిది సుమారు 340 అంటారుగానీ 320కి ఈనినా, 360 దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మా మల్లికి చన్నుమొనల మీద మైనం చుక్కల్లా కట్టింది, అలా కట్టాక మామూలుగా ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అది చూసి నేను పక్క గదిలో మంచం వేసుకున్నాను. ఆ మైనం రాలిపోయింది, మళ్లీ కట్టింది. తొమ్మిది రాత్రులు. చుట్టూ మనుషుల అలికిడి ఉంటే ఆడగుర్రం ఈనడాన్ని కొంతసేపు ఆపుకోగలదని అందరూ చెప్పేదే, నాకిప్పుడు సందేహం లేదు. పదో రాత్రి మేజోళ్లు తడిసిపోయాయని మార్చుకోవడానికి ఇంట్లోకి వెళ్లాను. మహా అయితే ఇరవై అయిదు నిమిషాలు. వచ్చేసరికి గడ్డిలో తడి చెవులు రెండు నన్ను చూస్తున్నాయి. "నువ్వెప్పుడు లేస్తావా అని చూస్తూ కూర్చుంది పాపం" అని వదిన మూడురోజులు నవ్వింది.

నవ్వులాటే గానీ, ఆ ఇరవై అయిదు నిమిషాల్లో ఏమన్నా అయ్యుంటే అని నాకు తర్వాత చేతులు వణికాయి. మామూలుగా ముందు కనబడేది తెల్లటి పొర. దానికి బదులు ఎర్రగా ముఖమల్ గుడ్డలాంటిది కనబడితే మాయ ముందే విడిపోయిందని అర్థం, లోపల పిల్లకి గాలి ఆగిపోతుంది, డాక్టర్ కోసం చూడకుండా అప్పటికప్పుడు మనమే కత్తెరతో చింపి పిల్లని లాగాలి. ఆ కత్తెర నా జేబులోనే ఉంది. నేను ఇంట్లో ఉన్నాను.

గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. ఒకటి, రెండు, మూడు అని మా మేనల్లుడికి కూడా వచ్చు. ఆవుకి మాయ పడడానికి పన్నెండు గంటలు పట్టినా కంగారు పడం, గుర్రానికి మూడు దాటిందంటే టెన్షనే, ఫోన్ చెయ్యాల్సిందే. పడ్డ మాయని అమ్మ నేలమీద పరిచి, ముక్కేమన్నా లోపల ఉండిపోయిందేమోనని అంచు అంచూ పట్టి చూస్తుంది. పూర్తిగా పరిస్తే అది రెండు కాళ్ల పైజామాలా ఉంటుంది, ఒక కాలు లావు, ఒకటి సన్నం. మొదటిసారి చూసినవాళ్లు ఎవరూ ఆ పూట అన్నం తినలేదు.

ఆ గుర్రప్పిల్ల దగ్గర నేను ఒకటి చూపిస్తాను మీరు ఎప్పుడన్నా వస్తే, అయితే అప్పుడే పుట్టి ఉండాలి. దాని డెక్కల అడుగున మెత్తటి వేళ్లు వేలాడుతుంటాయి, పసుపూ తెలుపూ కలిసిన రంగు, పుట్టగొడుగు అడుగుభాగంలా, ముట్టుకుంటే రబ్బరులా. లోపల తన్నినప్పుడు తల్లి గర్భసంచి చిరగకుండా ఉండటానికి అవి. లేచి నడిచిన కాసేపటికే నలిగి, అరిగి, ఎండి రాలిపోతాయి. మేనల్లుడు వాటిని చూసి "అత్తా, దీనికి చేతులొస్తున్నాయా" అన్నాడు.

మిగతా పనులు ఉంటూనే ఉంటాయి. చలికి నేల ఉబ్బి కంచె గుంజలు పైకి లేచి వంకర్లు పోతాయి, అన్నీ మళ్లీ దిగ్గొట్టాలి, దీని గురించి ఇంతకన్నా రాయడం నాకిష్టం లేదు. గుర్రాలు చలికాలపు బొచ్చు రాల్చేస్తుంటాయి. ఎండ వేడికి రాలుతుందనుకుంటారుగానీ కాదు, పగటి పొద్దు పెరుగుతున్నకొద్దీ రాలుతుంది, ఇంకా గడ్డకట్టే చలిలోనే మొదలవుతుంది. దువ్వెన పెట్టి ఒకసారి గీకితే గుప్పెడు. అది నా జాకెట్‌కి, జాకెట్ నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి వదిన ఆరేసిన బట్టలకి చేరుతుంది. పిచ్చుకలు మాత్రం వరస కట్టి వచ్చి గూళ్లకి పట్టుకెళ్తాయి. వదినకీ పిచ్చుకలకీ ఈ ఒక్క విషయంలోనే అభిప్రాయభేదం.

చిన్న దూడల పారుడు రోగం మాకు ఒకప్పుడు పెద్ద తలనొప్పి. ఆవులన్నీ ఒకే చోట ఈనితే, ముందు పుట్టిన దూడల పేడలో పెరిగిన క్రిములు వెనక పుట్టినవాటిని పట్టుకుంటాయి. ఇప్పుడు అమెరికాలోని నెబ్రాస్కాలో శాండ్‌హిల్స్ పద్ధతి అని వచ్చినదాన్ని పాటిస్తున్నాం. వారానికోసారి ఈనిన ఆవుల్నీ దూడల్నీ ఉన్నచోటే ఉంచి, ఇంకా ఈనని చూడి ఆవుల్ని కొత్త దడిలోకి నడిపిస్తాం. అంతే, మందు లేదు మాకు లేదు. గేట్లు మాత్రం ఎక్కువ కావాలి, గేటు వేయడం మర్చిపోని మనుషులు కూడా కావాలి, ఆ రెండోది మా ఇంట్లో కొరత.

గడ్డి మొలిచాక అసలు తమాషా. నాలుగు నెలలు ఎండుగడ్డి నమిలిన పశువులన్నీ కంచెకి మెడలు ఆనించి పచ్చిక వైపు చూస్తుంటాయి, చూస్తే జాలేస్తుంది, కానీ వదలకూడదు. ఆవులకి వేగంగా ఎదిగే లేతగడ్డిలో మెగ్నీషియం తక్కువ, ఉన్నది కూడా సరిగ్గా ఒంటబట్టదు, పాలిచ్చే ఆవు ఒంట్లోంచేమో పాలతో పాటు అది పోతూనే ఉంటుంది. దానివల్ల వచ్చే జబ్బుని గ్రాస్ టెటనీ అంటారు. తూలుతుంది, కండరాలు అదురుతాయి, పడిపోతుంది, గంటల్లో పోతుంది. అందుకని పచ్చికలోకి వదలడానికి ముందునుంచే మెగ్నీషియం కలిపిన లవణాలు పెడతాం. దాని చేదుకి ఆవులు మూతి తిప్పేసుకుంటే ఉప్పూ మొలాసిసూ కలిపి మాయ చేస్తాం.

గుర్రాలకి అదే గడ్డితో వేరే తంటా. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టే చలి ఉన్న రోజుల్లో గడ్డి ఎదగకుండా ఆగిపోయి, ఎండలో చేసుకున్న చక్కెరంతా కాడల్లోనే దాచుకుంటుంది. అది ఎక్కువ తింటే గుర్రానికి ల్యామినైటిస్, అంటే డెక్కనీ లోపలి ఎముకనీ పట్టి ఉంచే పొరలు వాచిపోవడం. ముదిరితే ఎముక కిందికి తిరిగిపోతుంది. అందుకే మొదటిరోజు పావుగంట, రెండోరోజు ఇంకో అయిదు నిమిషాలు, ఇలా వారాల తరబడి పెంచుకుంటూ పోవాలి. బొద్దుగా ఉన్న రెంటికి మూతికి చిక్కం కూడా కడతాం. పావుగంట అయ్యాక పచ్చిక మీంచి గుర్రాన్ని లాక్కొచ్చే పని మేనల్లుడిది. వాడికి ఎనిమిదేళ్లు, గుర్రం బరువు అయిదు వందల కిలోలు. "నాకు జాలేస్తోంది అత్తా, ఇంకో రెండు నిమిషాలు" అని అడిగేది వాడే.

దూడలకి టీకాలు వేసే రోజు కూడా దగ్గరికొచ్చింది, జబ్బవాపుకీ మిగతావాటికీ కలిపి. ఆ రోజు గుర్రాల మీదే మందని దొడ్లోకి తోలుకురావాలి. చలికాలమంతా ఖాళీగా ఉన్న గుర్రం మీద మొదటిసారి జీను వేసి ఎక్కడం ఏటా ఒక పరీక్ష. ఈసారి జీను పట్టీ ఒకసారి బిగించి, నాలుగడుగులు నడిపించి మళ్లీ బిగించాలన్న సంగతి నాకు బాగా తెలుసు. చేయలేదు. గుర్రం కడుపు ఉబ్బించి నిలబడింది, ఎక్కాక ఊపిరి వదిలింది, జీను నాతో సహా పక్కకి జారింది. బురద మెత్తగా ఉంటుందని ఆ రోజు ఒప్పుకున్నాను. అన్నయ్య చూశాడు కాబట్టి దీన్ని ఇక్కడ దాచినా లాభం లేదు.

ఇక 41. 1.35కి సంచి కనబడింది. 1.50కి రెండు డెక్కల కొనలు. ఈసారి నేను బేలు మీద కూర్చుండిపోలేదు. వంగి, నెమ్మదిగా, దాని కంటికి కనబడేలా పక్కనుంచి వెళ్లి, వేళ్ల సందులోంచి సన్నగా టార్చి వేశాను. తడిసి నల్లగా మెరుస్తున్న రెండు డెక్కలు, అడుగులు నేలవైపే. నమ్మకం చాలక ఇంకోసారి చూశాను. వాటి వెనక మూతి, పెదాల మధ్యనుంచి బయటికొచ్చిన గులాబీ రంగు నాలుక. చెయ్యి పెట్టాలని చేతులు ఒకటే దురద. జేబుల్లో పెట్టుకుని వెనక్కొచ్చి కూర్చున్నాను.

2.25కి జారి పడింది. 41 లేచి, వెనక్కి తిరిగి, కింద ఉన్నదాన్ని చూసి బెదిరి నాలుగడుగులు ఎగిరి దూకింది. తొలిచూలు ఆవులు కొన్ని అంతే, ఇదెక్కడినుంచి వచ్చిందన్నట్టు చూస్తాయి. దూడ తల విదిల్చి తుమ్మింది. 41 మెడ సాచి, కాళ్లు అక్కడే ఉంచి, ముక్కు మాత్రం ముందుకి పెట్టి ఒక్కసారి వాసన చూసింది. తర్వాత ఇంకో అడుగు. ఆ మూలుగు వినబడేసరికి 2.40.

నాలుగింటికి నాన్న వచ్చేటప్పటికి దూడ నిలబడి రెండోసారి పాలు తాగుతోంది. ఆయన టార్చి వేసి, పొట్ట గుండ్రంగా ఉందా లేదా చూసి, నా పక్కన బేలు మీద కూర్చున్నాడు.

"ఎటు చూశాయి?" అన్నాడు.

"కిందికే నాన్నా."

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. అవతల దడిలో 17 నెమరు వేసుకుంటోంది, ఇటు తిరిగి కూడా చూడలేదు. చెవి ట్యాగు తెల్లారాక వేద్దాంలే, నువ్వెళ్లి పడుకో అన్నాడు. లేచి రెండడుగులు వేశానో లేదో కాలు తేలిగ్గా పైకొచ్చింది, బూటు రాలేదు.